పిల్లల చేతిలో ట్యాబ్ మొరాయిస్తే: సమస్య - పరిష్కారం

మన శ్రీకాకుళం, విజయనగరం పల్లెల్లో అంగన్‌వాడీలోనైనా ఇంట్లోనైనా పిల్లల ట్యాబ్ పనిచెయ్యకపోతే ముందు షాపు గుర్తొస్తుంది. షాపుకు పట్టుకెళ్లే ముందు ఇవి చూడండి.

పాప నొక్కుతుంది, బొమ్మ కదలదు

నాలుగేళ్ల పిల్ల ట్యాబ్‌ను రెండు చేతులా గట్టిగా పట్టుకుంటుంది. ఎడమ బొటనవేలు తెర అంచు మీదే ఉండిపోతుంది. ట్యాబ్ దాన్ని మొదటి తాకిడిగా లెక్కేస్తుంది. కుడివేలితో నొక్కింది రెండోదవుతుంది, చాలా ఆటలు దాన్ని పట్టించుకోవు. చేతికివ్వకుండా పీట మీద పెట్టి గోడకు ఆనించండి, సగం గొడవ అక్కడే తీరిపోతుంది. తడి చేతులైనా ఇదే తంతు: ఈ తెరలు ఒత్తిడిని కాదు, వేలు తగిలితే వచ్చే విద్యుత్ మార్పును పసిగడతాయి. అన్నం తిని చేతులు కడిగాక పొడిగా తుడవండి. ఉక్కపోత రోజుల్లో తెరనూ తుడుస్తూ ఉండండి.

ఎవరూ ముట్టకుండానే గెంతుతోంది

ఛార్జింగ్ వైరు పీకండి. ఆగిందా? తప్పు ఛార్జర్‌ది. నాసిరకం అడాప్టర్ నుంచి వచ్చే విద్యుత్ అలజడిని తెర వేలి తాకిడి అనుకుంటుంది. రాత్రే ఛార్జింగ్ పెట్టుకోండి. పిల్లలున్నప్పుడు వైరు ఎలాగూ వద్దు.

ఆటలోంచి వీడియోల్లోకి పోతున్నారు

సెట్టింగ్స్‌లో సెక్యూరిటీ కింద యాప్ పిన్నింగ్ ఉంటుంది, అంటే తెరిచిన ఆటలోంచి బయటికి పోకుండా కట్టిపడేసే ఏర్పాటు. 2014లో ఆండ్రాయిడ్ 5తో వచ్చింది. బయటికి రావాలంటే పిన్ అడిగేలా పెట్టండి. ఆ పిన్ పిల్లల ఎదురుగా నొక్కకండి, చూసి నేర్చేసుకుంటారు.

సౌండు లేదు

మీడియా వాల్యూమ్ (ఆటల, వీడియోల శబ్దం) వేరు, రింగు వాల్యూమ్ వేరు; మీడియాది తగ్గి ఉందేమో చూడండి. బ్లూటూత్ పక్కగది స్పీకరుకు కలిసి ఉందేమో కూడా చూడండి.

చూస్తారు గానీ చెప్పింది చెయ్యరు

ఇది ట్యాబ్ జబ్బు కాదు. యాప్‌లో గొంతు పుస్తకాల తెలుగు మాట్లాడుతుంది. ఇచ్ఛాపురం వైపు ఇంట్లో ఒడియా మాట్లాడే గుంటలకు అది మరీ కొత్త. సౌండు తగ్గించి మీరే చెప్పండి: "మూడు మామిడిపళ్లు బుట్టలో ఎయ్యమ్మా." ముందు మూడు చింతపిక్కలు చేత్తో ఏరించి, తర్వాత తెర మీద లాగించండి. మూడేళ్ల లోపువాళ్లకు పిక్కలు వద్దు, నోట్లో పెట్టుకుంటారు.

ఎక్కడ నొక్కినా చప్పట్లు కొట్టే యాప్ అయితే మాత్రం తీసెయ్యండి. తప్పుకీ ఒప్పుకీ ఒకే మెప్పు దొరికితే పిల్లలు ఆలోచించరు, టకటకా కొడతారు. నా లెక్కలో అన్నిటికన్నా పెద్ద లోపం ఇదే.

ఆపితే ఏడుపు

ఆట మధ్యలో లాక్కుంటే ఎవరైనా ఏడుస్తారు. రెండు నుంచి నాలుగేళ్ల పిల్లలకు కూర్చుని తెర చూసే సమయం రోజుకు గంట దాటకూడదని, తగ్గితే ఇంకా మంచిదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పింది. ఆ గంటలో ఇంట్లో చూసే ఫోనూ, టీవీ కూడా కలిపే. అందుకని గంట దాటనివ్వకండి, కానీ టైమైందని మధ్యలో లాక్కోకుండా ఆట చూసి ఆపండి: "ఈ బుట్ట నిండాక నువ్వే ఆపు" అని ముందే చెప్పి, బటన్ పిల్లతోనే నొక్కించండి.