కనుమ నాడు తీర్థం, ఆ రాత్రి నాటకం: కోనసీమకి వచ్చేవాళ్ళు ఏం సర్దుకోవాలి

కనుమ నాడు కాకి కూడా కదలదంటారు గానీ, మా కోనసీమలో ఆ రోజు ఇంటిపట్టున ఉండేవాళ్ళు తక్కువ. అంబాజీపేట మండలంలో మొసలపల్లి దగ్గర జగ్గన్నతోట అని ఒక కొబ్బరితోట ఉంది. అందులో గుడి లేదు. కనుమ నాడు చుట్టుపక్కల పదకొండు ఊళ్ళ నుంచి ఏకాదశ రుద్రులు, అంటే పదకొండు మంది శివుళ్ళు, ప్రభల మీద అక్కడికి వస్తారు. ప్రభ అంటే వెదురుతో కట్టి రంగు గుడ్డలతో అలంకరించి, దేవుణ్ణి పెట్టి భుజాల మీద మోసే ఎత్తైన కట్టడం. 2023 రిపబ్లిక్ డేకి ఢిల్లీలో ఆంధ్రప్రదేశ్ తరఫున వెళ్ళిన శకటం ఈ ప్రభల తీర్థమే. అప్పటి నుంచి బయటి ఊళ్ళవాళ్ళు చాలామంది అడుగుతున్నారు, ఎలా రావాలి, ఏం తెచ్చుకోవాలి అని.

చాలామంది మధ్యాహ్నం రెండింటికి వచ్చి, నాలుగు వీడియోలు తీసుకుని, ఐదింటికల్లా కారెక్కేస్తారు. నేను చెప్పేది వాళ్ళ కోసం కాదు. డప్పులు, తాసాలు, సన్నాయి, గరగలు (తల మీద పెట్టుకుని ఆడే అలంకరించిన కుండలు) ఎత్తుకున్నవాళ్ళ కాళ్ళ గజ్జెల చప్పుడు, వెనక నుంచి వందలమంది "శరభ శరభ" అని ఒక్కసారి అరవడం, ఇవి చెవులారా వినాలి. ఆ పైన చుట్టుపక్కల ఏదో ఒక ఊళ్ళో బుర్రకథో పద్యనాటకమో ఉంటే తెల్లారేదాకా కూర్చోవాలి. అంటే మధ్యాహ్నం పన్నెండు నుంచి మర్నాడు పొద్దున్న ఏడు దాకా బయటే ఉంటారన్నమాట. సర్దుకునేది ఏదైనా ఈ పంతొమ్మిది గంటల్ని లెక్కలో పెట్టుకునే సర్దుకోండి.

ముందు టికెట్ల సంగతి. ఇక్కడికి దగ్గరి పట్నం అమలాపురం, దానికి రైలు లేదు. హైదరాబాద్ నుంచి గౌతమి గానీ గోదావరి గానీ ఎక్కి రాజమండ్రిలో దిగి, రావులపాలెం మీదుగా బస్సులో రావాలి. రిజర్వేషన్ ఇప్పుడు 60 రోజుల ముందే తెరుస్తారు (అంతకు ముందు 120 రోజులుండేది), కాబట్టి సంక్రాంతి టికెట్ కావాలంటే నవంబర్ రెండో వారంలోనే పొద్దున్న 8 గంటలకి ఫోన్ పట్టుకుని కూర్చోవాలి. కనుమ ఒక ఏడు జనవరి 15న, ఒక ఏడు 16న వస్తుంది, క్యాలెండర్ చూసుకుని చెయ్యండి. భోగి నాటికే వచ్చేయండి. కనుమ పొద్దున్న రాజమండ్రిలో దిగి మధ్యాహ్నానికి తోటలో ఉందామనుకుంటే రోడ్డు మీదే సగం రోజు పోతుంది. లాడ్జీల కన్నా చుట్టాలిల్లు, స్నేహితుడి అత్తారిల్లు నయం. పండగ రోజుల్లో ఇక్కడ భోజనం పెట్టనివాళ్ళు ఉండరు.

రాత్రి నాటకం ఎక్కడుందో మీరు దిగిన ఇంటివాళ్ళే చెప్తారు. ఇంటర్నెట్‌లో వెతికితే దొరకదు. మైకు కట్టిన ఆటో ఊరంతా తిరుగుతూ చెప్పుకుంటూ పోతుంది, టీ కొట్టు గోడ మీద పోస్టర్ ఉంటుంది. ఒక్కో ఏడు ఆ రాత్రికి ఏమీ ఉండకపోవచ్చు, అందుకని టికెట్ తీసుకునే ముందే ఒక ఫోన్ కొట్టి అడగండి. కనుమ రాత్రి లేకపోతే ముక్కనుమ రాత్రి ఉంటుందేమో కూడా కనుక్కోండి.

ఇక తీర్థంలో ఎక్కడ నిలబడాలనేది. ఆ పదకొండు ఊళ్ళలో గంగలకుర్రు, గంగలకుర్రు అగ్రహారం ప్రభలు ఎగువ కౌశిక అనే కాలవ దాటి వస్తాయి, అంత ఎత్తు ప్రభని భుజాల మీద పెట్టుకుని నీళ్ళలోకి దిగుతారు. గట్టు మీద చోటు కావాలంటే భోజనం త్వరగా ముగించుకుని ఒంటిగంటలోపు చేరాలి. తోటలోనేమో వ్యాఘ్రేశ్వరం ఊరి దేవుడు వ్యాఘ్రేశ్వరుడి ప్రభ వచ్చినప్పుడు మిగిలిన ప్రభలన్నిటినీ గౌరవంగా ఒక్కసారి పైకి లేపుతారు, అదీ చూడాల్సిందే. రెండూ ఒకే ఏడు చూద్దామని పరుగులు పెట్టకండి, రెండూ పోతాయి. మొదటిసారి వస్తే తోటే మంచిదని నా అభిప్రాయం.

సంచులు రెండు చేసుకోండి. పగటి సంచి చిన్నది, భుజాన వేసుకునేది: నీళ్ళ సీసా, టోపీ, తుండుగుడ్డ, పవర్ బ్యాంక్, పది, ఇరవై, యాభై, వంద రూపాయల నోట్లు ఎక్కువగా. అంత జనంలో ఫోన్ సిగ్నల్ అందదు, స్కాన్ చేసి డబ్బులు కడదామంటే కుదరదు. పెద్ద ప్రభలు తీగల కింద నుంచి వెళ్ళేటప్పుడు కరెంటు తీసేయడం మామూలే, అందుకని పొద్దున్నే ఛార్జింగ్ నింపుకోండి. కాళ్ళకి వెనక బెల్టు ఉన్న చెప్పులు వేసుకోండి. బూట్లు వద్దు, బురదలో దిగితే ఆ రోజంతా తడి కాళ్ళే. హవాయి చెప్పులయితే తొక్కిసలాటలో ఒకటి పోతుంది. దాళ్వా (రెండో పంట) నాట్లు వేసిన చేలలోంచి ప్రభ వెళ్తే రైతు అది దేవుడు నడిచిన దారి అనుకుని సంతోషిస్తాడు, అది చూసి మనం కూడా చేలో దిగి ఫోటోలు తీసుకోకూడదు. గట్టు మీదే ఉండండి.

రాత్రి సంచి కారులోనో చుట్టాలింట్లోనో ఉంచండి. అసలు జాగ్రత్త పడాల్సింది ఇక్కడే. మొదటిసారి నాటకానికి వెళ్ళినప్పుడు నేను ఒక దుప్పటి మాత్రం పట్టుకెళ్ళాను. రెండింటికల్లా కింద నుంచి చెమ్మ, పైనుంచి మంచు, దుప్పటి పిండితే నీళ్ళొచ్చేలా తయారైంది, మంచి పద్యాలన్నీ మూడు తర్వాత పాడారు, నేను అప్పటికే వణుకుతూ ఇంటికెళ్ళిపోయాను. ఆ బాధ ఇప్పటికీ ఉంది. కాబట్టి కింద వేసుకోడానికి బరకం ముక్క, అదే ధాన్యం రాశుల మీద కప్పేది, దాని మీద చాప, దాని మీద మీరు. కప్పుకోడానికి ఒక మందపాటి రగ్గు. చెవులు మూసే మంకీ క్యాప్ పిల్లలకీ పెద్దవాళ్ళకీ తప్పనిసరి. వేసుకున్న బట్టలు తడిస్తే మార్చుకోడానికి ఒక జత, దాన్ని ప్లాస్టిక్ కవరులో చుట్టి పెట్టండి. దోమలకి ఓడోమాస్. ఒక టార్చ్, ఫోన్ లైటు మీద ఆధారపడకండి.

కూర్చునే చోటు కూడా చూసుకోవాలి. కొబ్బరి చెట్టు కింద ఎట్టి పరిస్థితిలోనూ వద్దు, కాయ గానీ ఎండిన మట్ట గానీ పడితే ప్రాణం మీదకొస్తుంది. రెండు వరుసల మధ్య ఖాళీలో వేసుకోండి. ట్యూబ్‌లైటు కింద పురుగులు రాలతాయి. సౌండ్ బాక్సుల ముందు కూర్చుంటే హార్మోనియం, గొంతు కలిసిపోయి రాగం తెలియదు, స్టేజీకి ఎదురుగా ఇరవై ముప్పై అడుగుల దూరంలో బాగుంటుంది. బుర్రకథ అయితే ఇంకా దగ్గరికి వెళ్ళండి. కథకుడి తంబురా, చేతి అందెలు, పక్కన వంత పాడే ఇద్దరి డక్కీలు (చిన్న వాయిద్యాలు) మైకు లేకుండా కూడా వినపడేంత దగ్గరికి. వంతల్లో ఒకరు హాస్యం చెప్తారు, ఇంకొకరు ఊరి సంగతులూ రాజకీయం చెప్తారు, వాళ్ళ మొహాలు కనపడకపోతే సగం పోయినట్టే. పోస్టర్ మీద ఎనిమిది అని ఉంటే పది దాటాకే మొదలవుతుంది, టెన్షన్ పడకండి, భోంచేసి వెళ్ళండి.

తినడానికి పెద్దగా మొయ్యక్కర్లేదు. కనుమ కాబట్టి ఇంట్లో మినప గారెలు ఉంటాయి, నాలుగు మూట కట్టించుకోండి, పులిహోర కూడా నిలవుంటుంది. తీర్థంలో జీళ్ళు కొనకుండా మాత్రం రాకండి. ఫ్లాస్కులో టీ పెట్టుకుంటే మూడింటికి పక్కనున్నవాళ్ళకి కూడా పోయచ్చు.

ఆడవాళ్ళతో వచ్చేవాళ్ళు బాత్‌రూమ్ సంగతి ముందే ఆలోచించుకోండి, దగ్గర ఊళ్ళో తెలిసిన ఇల్లు ఒకటి మాట్లాడి పెట్టుకుంటే ఆ రాత్రి ఎవరూ నీళ్ళు తాగకుండా కూర్చోనక్కర్లేదు. పిల్లల జేబులో ఫోన్ నంబర్ రాసిన చీటీ పెట్టండి. డప్పులూ బాణసంచా దగ్గర చంటిపిల్లల చెవుల్లో దూది పెట్టండి, లేకపోతే వెనక్కి తీసుకెళ్ళిపోండి.

పద్యం నచ్చితే "ఒన్స్ మోర్" అనండి, అని ఊరుకోకండి. లేచి వెళ్ళి వందో యాభయ్యో ఇవ్వండి, అందుకే చిల్లర ఎక్కువ తెమ్మన్నాను. ఏడాదంతా వాళ్ళకి పని దొరకదు.

నాటకం అయిపోగానే బండి తియ్యకండి. జనవరిలో తెల్లవారుజామున కాలవ గట్ల మీద పొగమంచు, పది అడుగుల ముందు మలుపు కనపడదు, గట్టుకి అవతల నీళ్ళు. రాత్రంతా నిద్ర లేని కళ్ళు. చాప దులిపి మడత పెట్టి, తెరిచిన టీ కొట్టు చూసుకుని, ఎండ గట్టు మీదకి వచ్చేదాకా అక్కడే ఉండండి.