మట్టి పాఠాలు – 3: ఆవంలోకి వెళ్లకముందే

గత పాఠంలో మట్టిని పిసికి గాలి తీయడం నేర్చుకున్నాం. ఈసారి ఆవంలో, అంటే కుండలు కాల్చే బట్టీలో, పెట్టకముందు ఆ మట్టిని ఎక్కడ తవ్వాలి, తెచ్చినదాన్ని ఎలా దాచుకోవాలి అన్నది చూద్దాం.

చిత్తూరు జిల్లాలో ఎక్కువగా ఉన్నది గ్రానైటు జాతి రాళ్ల నేల. ఆ రాళ్లలోని ఫెల్డ్‌స్పార్ అనే ఖనిజం యుగాల తరబడి వానకు, గాలికి శిథిలమై బంకమన్ను అవుతుంది. వాన నీరు దాన్ని చెరువుకు చేరుస్తుంది. ముతక ఇసుక వాగు కలిసే చోటే ఆగిపోతుంది, మెత్తని మన్ను నిలకడ నీటిలో నెమ్మదిగా అడుగుకు దిగుతుంది. అందుకే వాగు మూతికి దూరంగా, చెరువు లోపలి భాగంలో వెతకండి. కట్ట పాదం దగ్గర మాత్రం గుంత తీయవద్దు, కట్ట బలహీనపడుతుంది. తవ్వే ముందు అనుమతి తీసుకోవడం తప్పనిసరి.

తెచ్చిన మట్టిలో తెల్లని పలుకులు కనిపిస్తే వాటిపై నిమ్మరసం పిండండి. నురగ వస్తే అది సున్నపురాయి. దాన్ని ఏరేయాలి, లేదా మట్టిని నీటిలో కలిపి సన్నని జల్లెడ పట్టాలి. నా మొదటి ఆవంలోని ప్రమిదలు చక్కగా కాలాయి. వారం తిరగకముందే వాటి అంచులు పెచ్చులుగా లేచాయి. కాలిన సున్నం గాలిలోని తేమ పీల్చి ఉబ్బడమే కారణం. ఆ మట్టి తిరిగి రాలేదన్న బాధ నాకు ఇప్పటికీ ఉంది.

ఎందుకు తిరిగి రాదు? సుమారు 500, 600 డిగ్రీల వేడిలో బంకమన్ను కణాల నిర్మాణంలోనే ఉన్న నీరు పోతుంది. ఇక ఎంత నానబెట్టినా అది మన్ను కాదు. కాలని మట్టిని మాత్రం ఎన్నిసార్లయినా వాడుకోవచ్చు. అందుకే వంకర పోయిన పాత్రను మొహమాటం లేకుండా ఆవం బయటే ఆపేయండి.

సారె (కుమ్మరి చక్రం) దగ్గర రాలిన తునకలను ముందు పూర్తిగా ఎండనివ్వాలి. చాలామంది పొరబడేది ఇక్కడే. సగం తడి ముద్దను నీటిలో వేస్తే రోజంతా ముద్దగానే ఉంటుంది. బాగా ఎండిన తునకను వేసి చూడండి: బుడగలు వస్తాయి, అంచులు విచ్చుకుంటాయి, చూస్తుండగానే పొడిగా అడుగుకు జారిపోతుంది. మర్నాడు పైనీరు వంపి, మిగిలిన బురదను గుడ్డ మీద ఆరబెడితే చాలు.

కాలి పగిలిన పెంకులనూ పారేయకండి. దంచి జల్లెడ పట్టి, 9 కిలోల పొడి మట్టికి 1 కిలో కలపండి. ఈ పెంకుల పొడినే గ్రోగ్ అంటారు. ఎండేటప్పుడు మట్టి కుంచించుకోవడం తగ్గుతుంది, పగుళ్లూ తగ్గుతాయి. దంచేటప్పుడు ముక్కుకు మాస్కు కట్టుకోండి, ఆ ధూళి ఊపిరితిత్తులకు హాని.

ఈ వారం రెండు పలకలు చేయండి, ఒకటి గ్రోగ్‌తో, ఒకటి లేకుండా. తడిగా ఉండగానే ఒక్కోదానిపై మేకుతో సరిగ్గా 10 సెంటీమీటర్ల గీత గీసి నీడలో ఆరబెట్టండి. పూర్తిగా ఎండాక కొలవండి. గీత 9.4 సెంటీమీటర్లు వస్తే 6 శాతం కుంచించుకున్నట్టు. పలకలను కాల్చకుండా దాచండి, వచ్చే పాఠంలో వాటితోనే పని.