పేషెంటు ఎంత అర్జంటైనా, ఇంధనం పోసేటప్పుడు పక్కనే ఉండండి

పిస్టన్ ఇంజిన్ల ఎయిర్ అంబులెన్స్ నడిపే పైలట్లు, అందులో ప్రయాణించే నర్సులు ఇది తప్పకుండా చదవాలి.

2014 ఆగస్టు 27న అమెరికాలోని న్యూ మెక్సికో రాష్ట్రంలో, లాస్ క్రూసెస్ నుంచి సెస్నా 421 అనే రెండు పిస్టన్ ఇంజిన్ల విమానం ఒకటి పేషెంటుతో బయలుదేరింది. టేకాఫ్ అయిన కాసేపటికే ఇంజిన్ల శక్తి తగ్గి కూలిపోయింది. పైలట్, ఇద్దరు వైద్య సిబ్బంది, పేషెంటు, నలుగురూ చనిపోయారు. ఏవ్‌గ్యాస్ (పిస్టన్ ఇంజిన్లకు వాడే విమాన పెట్రోలు) పోయాల్సిన ట్యాంకుల్లో జెట్ ఇంధనం (కిరోసిన్ లాంటిది) పోశారని దర్యాప్తులో తేలింది.

ఈ పొరపాటు నేల మీద బయటపడకపోవచ్చు. పైపుల్లో మిగిలిన పాత ఏవ్‌గ్యాస్‌తో ఇంజిన్ స్టార్ట్ అవుతుంది, టాక్సీ కూడా సాఫీగా సాగుతుంది. ఫుల్ పవర్ ఇచ్చాక జెట్ ఇంధనం సిలిండర్లకు చేరితే, అది అదుపు లేకుండా పేలుతూ మండి పిస్టన్లను దెబ్బతీస్తుంది. అందుకే రన్‌అప్ (టేకాఫ్‌కు ముందు చేసే ఇంజిన్ పరీక్ష) బాగుందని నిశ్చింతగా ఉండకూడదు.

ఇంధనం పోసే మనిషికి ఏది కావాలో పేరు పెట్టి చెప్పండి, ట్రక్కు మీద ఏం రాసుందో చదవండి. నాజిల్ ట్యాంకులోకి దిగేటప్పుడు మీరే అక్కడ నిలబడి చూడండి. రసీదు చదివాకే సంతకం పెట్టండి. తర్వాత ట్యాంకుల కింద ఇంధనం వదిలే ప్రతి డ్రెయిన్ నుంచీ శాంపిల్ తీయండి. 100ఎల్ఎల్ అనే ఏవ్‌గ్యాస్ నీలంగా ఉంటుంది, కానీ అందులో జెట్ ఇంధనం కలిస్తే రంగు చూసి మోసపోవచ్చు. తెల్ల కాగితం మీద ఒక చుక్క వేయండి: ఏవ్‌గ్యాస్ ఆరిపోతుంది, జెట్ ఇంధనం జిడ్డు మరక వదులుతుంది. అనుమానం వస్తే స్టార్ట్ చేయకుండా మెకానిక్‌ను పిలవండి. అప్పటికే ఇంజిన్ తిరిగి ఉంటే, ట్యాంకులు ఖాళీ చేస్తే సరిపోదు, ఇంజిన్‌నూ తనిఖీ చేయించాలి.

పవర్ పోతే ఎంత ఎత్తులో ఏం చేయాలో రన్‌వే ఎక్కకముందే పైకి చెప్పుకోండి. చక్రాలు లేవకముందే పవర్ తగ్గితే థ్రాటిల్స్ మూసి బ్రేకు వేయాలి. లేచాక రెండు ఇంజిన్ల పవరూ తగ్గుతుంటే ముక్కు దించి వేగం నిలుపుకుంటూ, ఎదురుగా ఉన్నంతలో మంచి చోటు చూసుకుని దిగాలి. తక్కువ ఎత్తులో వెనక్కి తిప్పబోయి స్టాల్ అయితే (రెక్కలు విమానాన్ని మోయలేకపోతే) తేరుకునే ఎత్తు ఉండదు.

నర్సులూ, ఇంధనం పోసి తనిఖీ చేసే ఆ పది నిమిషాలు పైలట్‌ను తొందరపెట్టకండి, బంధువులు ఆయన దగ్గరికి రాకుండా చూడండి. స్ట్రెచర్ మీదున్న పేషెంటుకు భుజాల బెల్టు కూడా బిగించండి. ఆక్సిజన్ సిలిండర్, మానిటర్ కదలకుండా కట్టి, మీ బెల్టూ పెట్టుకున్నాకే "రెడీ" అనండి.