తాళవాద్య కచేరీ, 4వ భాగం: వంతులు పంచుకోవడం, ముక్తాయింపు కలిసి దింపడం

పోయిన భాగంలో ఎవరిని పిలవాలి, వేదిక మీద ఎవరెక్కడ కూర్చోవాలి అన్నది చూశాం. ఇప్పుడు అసలు పనిలోకి దిగుదాం. నలుగురు వాద్యకారులు, మృదంగం, ఘటం (మట్టి కుండ), మోర్సింగ్ (నోటి దగ్గర పట్టుకుని మీటే చిన్న ఇనుప వాద్యం), కంజీర (ఒకవైపు తోలు బిగించిన చిన్న చేతి వాద్యం). తాళం ఆది, అంటే చుట్టుకి 8 దెబ్బలు. చేతిలో 40 నిమిషాలు. గాత్రం లేదు, వయొలిన్ లేదు, కాబట్టి కాస్త తడబడినా పాట కప్పేస్తుందిలే అన్న ధీమా ఉండదు, ఏది జారినా అందరికీ వినిపిస్తుంది.

ముందు శృతి సంగతి తేల్చుకోవాలి, ఎందుకంటే కొట్టే వాద్యాలకి శృతితో పనేముందిలే అని వదిలేసే నిర్వాహకులు చాలామంది ఉంటారు, తీరా తెర లేచాక ఘటం ఒక శృతిలో, మృదంగం ఇంకో శృతిలో మోగుతుంటే వినేవాళ్ళకి కారణం తెలియకపోయినా చెవి మాత్రం ఇబ్బంది పడుతుంది. నలుగురిలో శృతి మార్చుకోలేని వాళ్ళెవరో చూసి వాళ్ళని బట్టే శృతి పెట్టుకోండి. ఘటానికి ఆవంలో కాలినప్పుడే శృతి ఖాయమైపోతుంది. మోర్సింగ్ నాలుక కొసన కాస్త మైనం అంటిస్తే శృతి దిగుతుంది, ఎక్కించాలంటే మాత్రం ఆకురాయి పట్టాలి, అది వేదిక మీద కూర్చుని చేసే పని కాదు. మృదంగానికి ఆ వెసులుబాటు ఉంది: కుడి మూత చుట్టూ ఉన్న జడ మీద రాయితో పైనుంచి కొడితే శృతి ఎక్కుతుంది, కింది నుంచి కొడితే దిగుతుంది. అందుకని తేదీ ఖాయం కాగానే ఘటం ఆయనకి ఫోన్ చేసి మీ దగ్గర ఏయే శృతుల ఘటాలున్నాయో కనుక్కుని, ఆ మాట మిగతా ముగ్గురికీ చేరవేయండి. ఈ ఒక్క ఫోనుతో సగం టెన్షన్ తగ్గుతుంది.

కంజీర తీరు వేరు. దానికి శృతి నిక్కచ్చిగా ఉండదు, తోలుకి లోపలివైపు నీళ్ళు చిలకరించి బిగువు తగ్గిస్తే ఆ బరువైన గుంకారం పలుకుతుంది. ఆ తడి లైట్ల వేడికీ ఏసీ గాలికీ ఇట్టే ఆరిపోతుంది, అప్పుడు గొంతు పలచబడి టంగుమంటుంది. కంజీర ఆయన పక్కన చిన్న గిన్నెలో నీళ్ళు పెట్టించండి, తాగే నీళ్ళు కాకుండా విడిగా. తోలు గురించి కూడా ఒక మాట: పాతకాలం కంజీరలకి ఉడుము తోలు వేసేవారు, ఉడుముకి 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద రక్షణ ఉంది కాబట్టి ఇప్పుడు మేక తోలో, సింథటిక్కో వాడుతున్నారు, ఒక్కోదానికి తడి పట్టే తీరు ఒక్కోలా ఉంటుంది. కొత్తగా నేర్చుకుంటున్నవాళ్ళు ఇంట్లోనే ఫ్యాను కింద అరగంట వాయించి చూసుకోవడం మంచిది.

ఇక వంతులు. మృదంగంతో మొదలుపెట్టడం ఆనవాయితీ, దాని జోలికి వెళ్ళకండి. తర్వాత ఘటం, మూడోది మోర్సింగ్, చివర కంజీర అనేది నా లెక్క. చాలాచోట్ల మోర్సింగ్‌ని చివరికి నెట్టేస్తారు, అది నాకు నచ్చదు. కంజీర వేగానికి చప్పట్లు పడి తీరతాయి, ఆ చప్పట్లలో మోర్సింగ్ తొలి ఆవర్తనం (తాళం ఒక చుట్టు) కాస్తా కొట్టుకుపోతుంది. అసలే మెత్తటి గొంతు దానిది, మైకు పెదవులకి ఆనుకున్నంత దగ్గరగా ఉంటే తప్ప వెనక వరసలకి చేరదు. (మైకే వద్దని పట్టుబట్టిన పాల్ఘాట్ మణి అయ్యర్ లాంటి మహానుభావులు ఉన్నారు, 1966లో సంగీత కళానిధి అందుకున్న మృదంగ విద్వాంసుడాయన, నాదం మీద అంత పట్టింపు. మోర్సింగ్‌కి మాత్రం ఆ పట్టింపు పనికిరాదు.)

టైము లెక్క ఎలా వేస్తారో చూడండి. నిమిషానికి 80 దెబ్బల నడకలో ఆది తాళం ఒక ఆవర్తనం సరిగ్గా 6 సెకన్లు. మొదటి రౌండు తలా 4 నిమిషాలు, అంటే 16 నిమిషాలు, తలా 40 ఆవర్తనాలు. రెండో రౌండు తిశ్ర నడకలో (ఒక్కో దెబ్బని మూడు భాగాలు చేసి) తలా 3 నిమిషాలు, ఇంకో 12. తర్వాత కురైప్పు, అంటే వంతులు తగ్గించుకుంటూ రావడం: తలా 4 ఆవర్తనాలు, ఆ తర్వాత 2, 1, అర, పావు. కలిపితే ఒక్కొక్కరికి 7 ముప్పావు ఆవర్తనాలు, నలుగురికీ కలిపి 31, అంటే 3 నిమిషాల పైచిలుకు. చివర అందరూ కలిసి మోహరా (ముగింపుకి ముందు వాయించే వరస), ముక్తాయింపు (మూడుసార్లు వాయించి ముగించే వరస), 2 నిమిషాలు. మొత్తం 33 దాకా వచ్చింది. మిగిలిన 7 నిమిషాల్ని ఎవరికీ పంచకండి, అవి వాటంతటవే ఖర్చయిపోతాయి, మొదటి రౌండులో 4 నిమిషాలన్న మనిషి 4 నిమిషాలకే ఆపడం నేనైతే ఎప్పుడూ చూడలేదు.

కురైప్పులో కొత్తవాళ్ళు బోర్లా పడేది పావు ఆవర్తనం దగ్గర. పావు అంటే 2 అక్షరాలు (తాళం దెబ్బలు), 8 మాత్రలు (మామూలు నడకలో ఒక్కో అక్షరానికి 4). ఆది తాళంలో ముందు లఘువు, అంటే ఒక దెబ్బ, మూడు వేళ్ళ లెక్క; తర్వాత రెండు ద్రుతాలు, ఒక్కోటి ఒక దెబ్బ, చెయ్యి తిప్పడం. నలుగురుంటే లెక్క చక్కగా కుదురుతుంది: లఘువు దెబ్బ, చిటికెన వేలు మృదంగానివి, ఉంగరపు వేలు, మధ్యవేలు ఘటానివి, మొదటి ద్రుతం మోర్సింగ్‌ది, రెండో ద్రుతం కంజీరది. ఎన్నిసార్లు తిరిగినా మృదంగం సమం (ఆవర్తనం మొదటి దెబ్బ) మీదే అందుకుంటుంది. అదే ముగ్గురే ఉన్నారనుకోండి, ఒక చుట్టుకి 6 అక్షరాలే అవుతాయి, రెండో చుట్టు ఏడో అక్షరం మీద, అంటే రెండో ద్రుతం దెబ్బ మీద మొదలవుతుంది, మూడోది అయిదో అక్షరం మీద, నాలుగోది మూడో అక్షరం మీద. నాలుగు చుట్లు తిరిగి 3 ఆవర్తనాలు పూర్తయితే గానీ మృదంగానికి మళ్ళీ సమం దొరకదు. ఇది తెలియకుండా వేదికెక్కితే రెండో చుట్టులోనే ఒకరి మొహం ఒకరు చూసుకోవాల్సి వస్తుంది. అందుకే ఎవరి వంతు నడిచినా మిగతావాళ్ళు చేత్తో తాళం వేస్తూనే ఉండాలి, పైగా వాయించే పని లేకుండా తాళం వేయడానికే ఒక మనిషిని ముందు కూర్చోబెట్టుకోండి, నలుగురికీ ఆ చెయ్యి కనబడేలా. ఆ మనిషికి కూడా పేరు వేసి, శాలువా కప్పండి.

ఇప్పుడు ముక్తాయింపు. చతురశ్ర నడకలో (అక్షరానికి 4 మాత్రలు) ఆది తాళం ఆవర్తనానికి 32 మాత్రలు. ఒక సొల్లుని (నోటితో పలికే దరువు మాటని) మూడుసార్లు చెప్పి, మధ్యలో రెండు చోట్ల సమానమైన ఖాళీ వదిలి, నేరుగా సమం మీద పడాలి. 'తదిగిణతొం' అయిదు మాత్రలు కదా, దాన్ని జంటగా తీసుకుంటే పది. అప్పుడు 10, 1 ఖాళీ, 10, 1 ఖాళీ, 10. మొత్తం 32, సమంలో ఎత్తుకుని సమంలో దిగుతాం.

తదిగిణతొం తదిగిణతొం ·
తదిగిణతొం తదిగిణతొం ·
తదిగిణతొం తదిగిణతొం | తా

వాద్యం పక్కన పెట్టి నోటితో చెబుతూ చేత్తో తాళం వేయండి. రెండోసారి ఎత్తుకునేది పన్నెండో మాత్ర మీద, అంటే ఉంగరపు వేలు పడ్డాక నాలుగో మాత్రలో, మధ్యవేలు ఇంకా పడకముందే. మూడోది ఇరవై మూడో మాత్ర మీద, మొదటి ద్రుతంలో చెయ్యి తిప్పాక మూడో మాత్రలో. ఈ రెండు చోట్లూ వేళ్ళకి తెలిసిపోవాలి, లెక్కపెట్టుకుంటూ కూర్చుంటే అందదు. నలుగురికీ ఇది వచ్చాక పంచుకోండి: మొదటి పది మృదంగం ఒక్కటే, రెండో పది ఘటం, మోర్సింగ్, మూడో పది అందరూ. ఆ ఒక్క మాత్ర ఖాళీలో ఎవ్వరూ వేలు కదపకూడదు. చెయ్యి ఊరుకోదు, చిన్న 'త' ఏదో ఒకటి వేసి నింపేయాలనిపిస్తుంది, ఒక్కరు నింపినా మూడు ముక్కలూ అతుక్కుపోయి ముక్తాయింపని ఎవరికీ తెలియకుండానే అయిపోతుంది.

మరి జంట కాకుండా ఒక్క 'తదిగిణతొం' మాత్రమే తీసుకుంటే? మూడు అయిదులు పదిహేను, బేసి. రెండు సమానమైన ఖాళీలు కలిపితే ఎప్పుడూ సరి సంఖ్యే. బేసికి సరి కలిపితే 32 ఎలా వస్తుంది? రాదు, అర మాత్ర ఖాళీలు వదిలితే తప్ప. కాబట్టి బేసి సొల్లుని సమంలో ఎత్తుకోకూడదు. ఖాళీ 2 మాత్రలు పెట్టుకుంటే మొత్తం 19, సమానికి 19 మాత్రల ముందు, అంటే పద్నాలుగో మాత్ర మీద, మధ్యవేలు పడ్డ వెంటనే వచ్చే మాత్రలో ఎత్తుకోవాలి. ముందు మిగిలిన 13 మాత్రలూ మామూలు నడకలో వాయించుకుంటూ రావడమే. చెప్పడానికి తేలికే గానీ నలుగురూ ఒకేసారి అక్కడ ఎత్తుకోవడానికి మాత్రం బాగా సాధన కావాలి, మొదటి కచేరీకి పది మాత్రలదే పెట్టుకోండి.

వచ్చే భాగం లోపు చేయాల్సింది: తిశ్ర నడకలో ఆవర్తనానికి 24 మాత్రలు. సమంలో ఎత్తుకుని సమంలో దిగేలా సొల్లు ఎన్ని మాత్రలు, ఖాళీ ఎన్ని మాత్రలు కావచ్చో కాగితం మీద వేసి చూడండి. సొల్లు 6, ఖాళీ 3 ఒకటి నేనే చెప్పేస్తున్నా. మిగతావి రాసుకుని, ఒక్కోదాన్నీ ముందు నోటితో, తర్వాత తొడ మీద, ఆ తర్వాతే వాద్యం మీద. వచ్చేసారి ఈ నలుగురి పక్కన డప్పు బృందాన్ని చేరుద్దాం. డప్పులు వాయించే ముందు మంట దగ్గర కాచుకోవాలి కాబట్టి, హాలు బయట అందుకు చోటు ఇస్తారో లేదో ఇప్పుడే అడిగి పెట్టుకోండి.