వైఫై ప్రింటర్ మాటిమాటికీ ఆఫ్‌లైన్ అంటోందా, ఇలా కలిపి చూడండి

మొన్న మా పిన్ని వాళ్ళు కొత్త ఇంక్ ట్యాంక్ ప్రింటర్ కొన్నారు, తెల్లారితే తమ్ముడి ఎగ్జామ్, హాల్ టికెట్ ప్రింట్ తీయాలి, రాత్రి పదింటి దాకా యాప్‌తో కుస్తీ పడుతూనే ఉన్నారు, ప్రింటర్‌కి వాళ్ళ వైఫై పేరే కనపడట్లేదు. నేను వెళ్ళి చూస్తే ప్రింటర్ బాగానే ఉంది, రౌటర్ వైఫై సిగ్నల్‌ని మామూలుగా 2.4, 5 గిగాహెర్ట్జ్ అని రెండు బ్యాండ్లలో ఇస్తుంది, వీళ్ళ రౌటర్‌లో 5 ఒక్కటే ఆన్‌లో ఉంది, 2.4 ఎవరో ఆపేశారు. ఇళ్ళల్లో కొనే తక్కువ రేటు ప్రింటర్లు చాలావరకు 2.4 మీదే పనిచేస్తాయి, 5 వాటికి అసలు కనపడదు. అందుకే ప్రింటర్ ముట్టుకునే ముందు రౌటర్ సెట్టింగ్స్‌లో 2.4 ఆన్ ఉందా లేదా చూడండి, ఫోన్‌ని కూడా ఆ 2.4 పేరుకే కలపండి. అదే సెట్టింగ్స్‌లో సెక్యూరిటీ దగ్గర, అంటే వైఫైకి ఏ రకం తాళం వేశారో చెప్పే చోట, డబ్ల్యూపీఏ3 (కొత్త రకం) ఒక్కటే ఉంటే పాత ప్రింటర్లు కలవవు, డబ్ల్యూపీఏ2 కూడా ఒప్పుకునేలా మార్చండి.

తర్వాత ప్రింటర్‌ని మొదటిసారి రౌటర్ పక్కనే పెట్టి ఆన్ చేయండి, కలిశాక ఎక్కడికైనా జరుపుకోవచ్చు. కంపెనీ యాప్ వేసుకుని లొకేషన్ పర్మిషన్ ఇవ్వండి, ఆండ్రాయిడ్‌లో అది ఇవ్వకపోతే చాలా యాప్‌లకి చుట్టుపక్కల ప్రింటర్ దొరకదు. ఇంకోటి, మొబైల్ డేటా ఆపేయండి, ఇది చాలామంది మర్చిపోతారు, సెటప్ అప్పుడు ఫోన్ కాసేపు ప్రింటర్ సొంత వైఫైకి కలుస్తుంది కదా, అందులో ఇంటర్నెట్ ఉండదు, దాంతో ఫోన్ డేటా మీదకి దూకేస్తుంది, సెటప్ మధ్యలో తెగిపోతుంది. హెచ్‌పీ అయితే సెటప్ మోడ్ 2 గంటలే ఉంటుంది, అది దాటితే వైర్‌లెస్ రీసెట్ చేసి మళ్ళీ మొదలుపెట్టాలి.

యాప్ గోలెందుకు అనుకుంటే, రౌటర్ మీద డబ్ల్యూపీఎస్ (బటన్ నొక్కి వైఫైకి కలిపే పద్ధతి) బటన్ ఉంటే ప్రింటర్‌లో వైఫై బటన్ లైటు మెరిసేదాకా నొక్కి పట్టుకుని, 2 నిమిషాల్లోపు రౌటర్ బటన్ నొక్కితే పాస్‌వర్డ్ కొట్టే పనే లేదు. గెస్ట్ వైఫైకి మాత్రం కలపొద్దు, అందులో ఒక డివైస్‌కి ఇంకోటి కనపడకుండా అడ్డం పెట్టి ఉంటుంది, ప్రింటర్ కనెక్ట్ అయినట్టే ఉంటుంది, ప్రింట్ మాత్రం రాదు.

ఇక అసలు తలనొప్పి, నిన్న బాగా వచ్చిన ప్రింటర్ ఇవాళ ఆఫ్‌లైన్ అనడం. రౌటర్ ప్రతి డివైస్‌కి ఒక ఐపీ అడ్రస్, అంటే నెట్‌వర్క్‌లో ఇంటి నంబర్ లాంటిది, ఇస్తుంది, కరెంటు పోయి వచ్చాక అది మారిపోవచ్చు, కంప్యూటర్ ఇంకా పాత అడ్రస్‌కే పంపుతూ కూర్చుంటుంది. దీనికి ప్రింటర్‌లో నెట్‌వర్క్ స్టేటస్ పేజీ ప్రింట్ తీయండి, అందులో ఐపీ, మ్యాక్ అడ్రస్ (ఆ ప్రింటర్‌కి కంపెనీ ఇచ్చిన గుర్తింపు నంబర్) రెండూ ఉంటాయి. ఆ పేజీ పట్టుకుని బ్రౌజర్‌లో రౌటర్ పేజీ తెరవండి, మామూలుగా 192.168.1.1 గానీ 192.168.0.1 గానీ ఉంటుంది, రౌటర్ కింద స్టిక్కర్ మీద రాసుంటుంది, అక్కడ డీహెచ్‌సీపీలో, అంటే ఐపీలు పంచే సెట్టింగ్‌లో, అడ్రస్ రిజర్వేషన్ అని ఉంటే ఆ మ్యాక్‌కి ఆ ఐపీ ఖాయం చేసేయండి. చూడ్డానికి పెద్ద పనిలా ఉంటుంది గానీ పది నిమిషాలు పట్టదు, పిన్ని వాళ్ళింట్లో కూడా అదే చేసి వచ్చాను.

విండోస్ 11లో సెట్టింగ్స్, బ్లూటూత్ అండ్ డివైసెస్, ప్రింటర్స్ అండ్ స్కానర్స్‌లోకి వెళ్ళి యాడ్ డివైస్ నొక్కండి, దొరక్కపోతే మాన్యువల్‌గా యాడ్ చేసేది ఎంచుకుని టీసీపీ ఐపీ ప్రింటర్ కింద ఆ ఖాయం చేసిన అడ్రస్ ఇవ్వండి. అయినా ఆఫ్‌లైన్ అంటుంటే ప్రింట్ క్యూ (ప్రింట్ కోసం వరసలో ఉన్నవాటి లిస్టు) తెరిచి ఇరుక్కుపోయిన పాత జాబ్‌లు తీసేయండి.

రేపు రౌటర్ మార్చినా కొత్తదాంట్లో పాత వైఫై పేరు, పాత పాస్‌వర్డే పెట్టండి, ప్రింటర్ మామూలుగా దానంతట అదే కలుస్తుంది, ఆ ఐపీ రిజర్వేషన్ ఒక్కటి మళ్ళీ పెట్టుకోవాలి.