పాత డాలర్ నోట్లు చదవడం, 3వ పాఠం: ముద్ర రంగు

పోయిన పాఠంలో సిరీస్ సంవత్సరం ఎక్కడ ఉంటుందో చూశాం. ఇవాళ ముద్ర రంగు, అంటే నోటు ముందువైపు ఉండే ట్రెజరీ (అమెరికా ఖజానా) గుండ్రటి ముద్ర రంగు. ఇది 1928 సిరీస్‌తో మొదలైన చిన్న సైజు నోట్లకే, అంతకుముందటి పెద్ద నోట్లలో రంగుల లెక్క వేరు.

ఆకుపచ్చ ముద్ర అంటే ఫెడరల్ రిజర్వ్ (అమెరికా కేంద్ర బ్యాంకు) నోటు, ఇప్పటికీ చలామణిలో ఉన్న రకం. ఎరుపు యునైటెడ్ స్టేట్స్ నోటుకి, అంటే ఖజానా నేరుగా ఇచ్చినదానికి, పాత 2 డాలర్ల నోట్ల మీద ఎక్కువ కనిపిస్తుంది. నీలం సిల్వర్ సర్టిఫికెట్‌కి. ఆ కాగితం ఇస్తే ప్రభుత్వం వెండి ఇచ్చేది, 1968 జూన్‌తో అది ఆగిపోయింది.

నీలం ముద్ర కనిపించగానే లాటరీ తగిలిందనుకోకండి. 1957 సిరీస్ 1 డాలర్ నోట్లు లెక్కలేనన్ని అచ్చయ్యాయి, జనం దాచుకున్నారు కూడా, అందుకే నలిగిన నోటుకి ముఖవిలువ మీద కాస్త ఎక్కువ వస్తుందంతే. ఇంటర్నెట్‌లో దానికి వందల డాలర్లు అడిగేవాళ్లుంటారు. అడిగిన ధర చూడకండి, వేలంలో నిజంగా అమ్ముడైన ధర చూడండి.

నాకు బాగా ఇష్టమైనవి రెండో ప్రపంచ యుద్ధకాలపు నోట్లు. హవాయి దీవుల్లోని పెర్ల్ హార్బర్ నౌకాస్థావరం మీద జపాన్ దాడి తర్వాత, హవాయిని జపాన్ పట్టుకుంటే అక్కడున్న డాలర్లన్నీ శత్రువు చేతిలో పడతాయని అమెరికాకి భయం పట్టుకుంది, దాంతో 1942లో అక్కడి మామూలు నోట్లు వెనక్కి తీసుకుని, గోధుమరంగు ముద్రతో, వెనకవైపు హవాయి అని ఇంగ్లీషులో పెద్ద అక్షరాలతో వేరే నోట్లు ఇచ్చారు, దీవులు చేజారితే ఆ నోట్లు చెల్లవని ఒక్క మాటలో ప్రకటించేయొచ్చని. ఉత్తర ఆఫ్రికాలో దిగిన సైనికులకి ఇదే కారణంతో పసుపు ముద్ర నోట్లు ఇచ్చారు.

వీటిలో మోసాలున్నాయి, మామూలు నోటుకి రసాయనంతో రంగు మార్చి అమ్ముతారు. 1 డాలర్ నోటైతే ఇలా పట్టుకోండి: ఈ రెండు రకాల్లోనూ సిరీస్ 1935ఎ మాత్రమే ఉండాలి. హవాయి నోటు మీద సీరియల్ నంబరు కూడా గోధుమరంగే, ఆఫ్రికా నోటు మీద ముద్ర పసుపైనా నంబరు నీలమే. 1957 నోటు మీద పసుపు ముద్ర చూపిస్తే బేరం కూడా ఆడకండి.

ఇంకో మాట, మడతలు పోవాలని ఇస్త్రీ చేయకండి, మరకలు కడగకండి, గ్రేడింగ్ చేసేవాళ్లు (నోటు ఎంత బాగుందో చూసి స్థాయి కట్టేవాళ్లు) ఇట్టే కనిపెట్టేస్తారు, ఉన్న విలువ కూడా పడిపోతుంది.

ఈ వారం అభ్యాసం: అమ్మకానికి పెట్టిన పది నోట్ల ఫొటోలు తీసుకుని, వర్ణన చదవకుండా ముద్ర రంగు, సిరీస్, నంబరు రంగు రాసుకోండి, రకం మీరే చెప్పి తర్వాత సరిచూసుకోండి. సీరియల్ నంబరు పక్కన చిన్న నక్షత్రం ఉన్న నోట్లని విడిగా పెట్టండి, 4వ పాఠం వాటి గురించే.