“సినిమా ఎలా ఉందక్కా?” అని అడిగితే ఏం చెప్పాలి

తణుకులో మాది లేడీస్ టైలరింగ్ షాపు. జాకెట్టు కొలతలివ్వడానికి వచ్చినవాళ్లు చీర సంగతి తేలాక అడిగేది సినిమా గురించే. నేనేమీ సినిమాలు కాచి వడబోసిన మనిషిని కాను. ఆదివారం రాత్రి ఓటీటీలో ఒకటి, ఎప్పుడైనా హాలుకెళ్లి ఒకటి. పదో తరగతి చదివే మా అమ్మాయి పుణ్యమా అని బొమ్మల సినిమాలు, నా ఇష్టం కొద్దీ ఫైట్లు లేని ఇంటి కథలు. అయినా నా మాట నమ్మి రెండున్నర గంటలు పెట్టేవాళ్లు ఉన్నారు కాబట్టి, చెప్పడానికి ఒక పద్ధతి అలవాటైంది. మిమ్మల్నీ ఎవరో ఒకరు అడుగుతూనే ఉంటారుగా, పనికొస్తుందేమో చూడండి.

ముందు మీరే ఎదురు ప్రశ్న వేయండి. ఎవరితో చూస్తారు, ఎప్పుడు చూస్తారు? కొలత తీసుకోకుండా గుడ్డ మీద కత్తెర పెట్టం కదా, ఇదీ అంతే. 2025 జులైలో వచ్చిన ‘మహావతార్ నరసింహ’నే తీసుకోండి. మా అత్తయ్యగారికి హిరణ్యకశిపుడంటే 1967లో వచ్చిన ‘భక్త ప్రహ్లాద’లో ఎస్వీ రంగారావు, ఇంకెవరూ ఆనరు. “బొమ్మల్లో ఏం చూస్తానే” అంటూనే హాలుకి వచ్చారు. నరసింహుడు స్తంభంలోంచి వచ్చాక చేతులు జోడించిన మనిషి లైట్లు వేసేదాకా దించలేదు. నాకైతే మొహాల్లో కదలిక కాస్త బిరుసుగా అనిపించింది, చివరి యుద్ధానికి మాత్రం ఒళ్లు జలదరించింది. కాబట్టి పెద్దవాళ్లని తీసుకెళ్తామన్న వాళ్లకి “తప్పకుండా వెళ్లండి” అన్నాను. నాలుగేళ్ల పిల్లాణ్ణి తీసుకెళ్తానన్నావిడకి “చివరి ఘట్టం భీకరంగా ఉంటుంది, చప్పుడు కూడా ఎక్కువే, భయపడితే బయటికి తేవడానికి వీలుగా చివరి సీటు చూసుకో” అన్నాను. సినిమా ఒకటే, జవాబులు రెండు.

రెండోది, ఫోన్‌లో రివ్యూలు చూడకముందే మీకు గుర్తున్న ఒక్క సీను గట్టిగా పట్టుకోండి. రివ్యూ చదివాక మన నోట్లోంచి వచ్చేవి వాళ్ల మాటలే. ‘ఫస్టాఫ్ ఓకే, సెకండాఫ్ ల్యాగ్’ అంటే వినేవాళ్లకి ఏం తెలుస్తుంది? 2024లో వచ్చిన ‘35 చిన్న కథ కాదు’ గురించి నేను చెప్పేది ఇంతే: తిరుపతిలో ఒక పిల్లాడు సున్నాకి విలువే లేనప్పుడు ఒకటి పక్కన చేరితే తొమ్మిది కంటే పెద్దదెలా అవుతుందని అడుగుతాడు. లెక్కల మాస్టారికి అది పొగరులా కనిపిస్తుంది. పదో తరగతి తప్పిన తల్లి, కొడుక్కి చెప్పడం కోసం తను లెక్కలు నేర్చుకోవడానికి కూర్చుంటుంది. నివేదా థామస్ ఆ తల్లిగా ఎక్కడా అరిచి ఏడవదు. ఈ నాలుగు ముక్కలు విని “మా వాడికీ లెక్కలంటే టెన్షనే” అన్నవాళ్లు ఆ రాత్రే పెట్టుకుంటారు. మిగతావాళ్లు ఫాల్సు సంగతి అడుగుతారు. పరీక్షల భాగం కాస్త సాగదీశారని కూడా చెప్తాను, దాచను.

స్టార్ల లెక్క నాకు రాదు. నా లెక్క సూది. టీవీ ముందు కూర్చున్నా చేతిలో హెమ్మింగ్ ఆగదు. చాలా సినిమాలు చెవులతో చూసేయొచ్చు. ఏ సినిమా నా చేత సూది పక్కన పెట్టించిందో అది గట్టిదని నా నమ్మకం. మీకు చిక్కుడుకాయలు ఈనెలు తీసే పనో, ఫోన్ చూసే అలవాటో ఉంటే దాంతో కొలుచుకోండి. ‘ఫ్లో’ అని లాత్వియా దేశపు బొమ్మల సినిమా, గింట్స్ జిల్బలోడిస్ తీసింది. బ్లెండర్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌తో చేశారట, 2025లో ఆస్కార్ కూడా వచ్చింది. అందులో ఒక్క మాట ఉండదు. వరదలో ఒక పిల్లి, ఒక పడవ, అందులోకి ఒక్కొక్కటే ఎక్కే జంతువులు. చెవులకి పనేం లేదు, కళ్లు తిప్పితే కథ పోతుంది. సూది ఎప్పుడు పక్కన పెట్టానో నాకే తెలియదు. డబ్బింగ్ ఉందా, సబ్‌టైటిల్స్ చదవాలా అన్న బాధ కూడా లేదు కనుక చదువు రాని పెద్దవాళ్లకి ధైర్యంగా చెప్పొచ్చు. మా అత్తయ్యగారు మాత్రం పిల్లికి ఏమవుతుందోనని సగం సినిమా నన్ను అడుగుతూనే ఉన్నారు.

నెమ్మదిగా ఉంటే ‘బోర్’ అని తేల్చేయకండి, ఎలాంటి నెమ్మదో చెప్పండి. విమ్ వెండర్స్ తీసిన ‘పర్ఫెక్ట్ డేస్’లో హిరయామా అనే ఆయన టోక్యోలో పబ్లిక్ టాయిలెట్లు కడుగుతాడు. పొద్దున లేస్తాడు, మొక్కలకి నీళ్లు చల్లుతాడు, వ్యానులో క్యాసెట్ పెట్టుకుంటాడు, కడుగుతాడు, చెట్లని ఫొటో తీసుకుంటాడు. మర్నాడూ అదే. మావారు రెండో రోజుకే గురక. నేను మాత్రం ఆయన అద్దం పెట్టి మరీ కింద భాగం శుభ్రంగా ఉందో లేదో చూడటం దగ్గర ఆగిపోయాను. ఎవరూ చూడని చోట అంత నీటుగా చేసే మనిషిని చూస్తే కుట్టుపని చేసేవాళ్లకి మనసు ఊరుకోదు. ఆ పాత్ర వేసిన కోజి యకుషోకి 2023లో ఫ్రాన్స్‌లో జరిగే కాన్ సినిమా పండగలో ఉత్తమ నటుడి అవార్డు ఇచ్చారు. ఇంటినిండా చుట్టాలున్నప్పుడు మాత్రం ఇది పెట్టకండి. పని ముగించుకుని ఒక్కరే కూర్చున్న రాత్రికి బాగుంటుంది.

బొమ్మల సినిమా అనగానే ‘పిల్లలది’ అనేయడం మానాలి. జపాన్‌లో 1988లో తీసిన ‘గ్రేవ్ ఆఫ్ ద ఫైర్‌ఫ్లైస్’ ఈమధ్యే చూశాం. యుద్ధంలో బాంబులు పడ్డ కోబేలో ఒక అన్న, చిన్నారి చెల్లెలు, ఆకలి. మా అమ్మాయి రెండు రోజులు సరిగా అన్నం తినలేదు. అడిగినవాళ్లకి ముందే హెచ్చరించాలి. ‘ఇన్‌సైడ్ అవుట్ 2’ ఇందుకు పూర్తిగా వేరు. పదమూడేళ్ల పిల్ల బుర్రలోకి కంగారు, అదే ఆందోళన, ఒక పాత్రగా వచ్చి పెత్తనం చేస్తుంది. రంగులకి చిన్నపిల్లలు నవ్వుతారు, హాకీ ఆటలో ఆ పిల్లకి ఊపిరాడని సీను తల్లులకి తగులుతుంది. టీనేజీ ఆడపిల్లలున్న తల్లులకి నేనే పిలిచి మరీ చెప్పాను.

కథ ఎంతవరకు చెప్పాలి? గొడవ మొదలయ్యేదాకా. ‘కోర్ట్’ అడిగితే: పంతొమ్మిదేళ్ల అబ్బాయి, మైనర్ అమ్మాయి ప్రేమించుకుంటారు, అమ్మాయి ఇంట్లో పెత్తనం చేసే మంగపతికి తెలుస్తుంది, అబ్బాయి మీద పోక్సో (మైనర్లపై లైంగిక నేరాల చట్టం) కేసు పడుతుంది. అక్కడ నోరు మూసుకోండి. లాయరు ఏం పట్టుకున్నాడో చెప్పారంటే ఇక చూడటానికేం మిగలదు. కావాలంటే మంగపతిగా శివాజీ కనిపించినప్పుడల్లా పళ్లు కొరుక్కున్నానని చెప్పుకోండి, అది కథ చెప్పినట్టు కాదు.

మధ్యలో నిద్రపోతే నిద్రపోయానని చెప్పేయండి. మీ ఇంట్లో ఎవరికి నచ్చలేదో కూడా చెప్పండి. మావారి గురక విన్నాక ‘పర్ఫెక్ట్ డేస్’ వద్దనుకున్నవాళ్లున్నారు, మంచిదే. నచ్చలేదని వారం తర్వాత ఎవరైనా వచ్చి దెబ్బలాడితే వాదించకుండా ఎక్కడ ఆపేశారో అడగండి. “పావుగంటకే ఆపేశా” అన్నవాళ్లకి వచ్చేసారి వేరే రకం చెప్పాలి. చివరిదాకా చూసి తిట్టేవాళ్లతో మాత్రం నేను టీ తెప్పించి మరీ మాట్లాడతాను.